తలుపు తీసి ఉన్న ఇల్లు

ఆ వేసవిలో మా ఇంట్లోకి చెప్పాపెట్టకుండా వచ్చిన మొట్టమొదటి మనిషి చాలా మర్యాదస్తురాలు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటాను. ముందుగదిలో మిషను మీద బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాను. దారం తెగింది. సూదిలోకి ఎక్కించి తలెత్తేసరికి ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. తెల్లటోపీ, భుజాన సంచి, చేతిలో ఫోను. గుమ్మం దాటి అప్పటికే నాలుగడుగులు లోపలికి వచ్చేసింది. నన్ను చూసి నవ్వి, బట్టీపట్టిన పద్యం అప్పజెప్పే పిల్లలా మా భాషలో “రా” అంది.

“ఎవరు కావాలండీ?” అన్నాను వాళ్ళ భాషలోనే. పెళ్ళికి ముందు రేవు దగ్గర హోటల్లో పనిచేశాను కాబట్టి ఆ భాష నాకు వచ్చు.

“ఇదేనా? నీలం గేటు! నలభై మెట్లు! నిజంగానే ఉందే!” అని ఆవిడ మురిసిపోయి ఫోను నా మొహం ముందు పెట్టింది.

అందులో ఒక వ్యాసం ఉంది. మా ద్వీపదేశానికి మొదటిసారి వచ్చేవాళ్ళు తెలుసుకోవలసిన పదిహేను విషయాలట. ఎండ ఎక్కువ, టోపీ తెచ్చుకోండి. లాంచీలు టైముకి రావు, కోప్పడకండి. ఇక్కడివాళ్ళకి దేనికీ తొందర ఉండదు, మీరూ తొందరపడకండి. మూడు రోజుల్లో నలభై చొక్కాలు అప్పజెప్పాల్సిన మనిషిని, ఆ తొందర లేని మనుషుల గురించి నా మిషను ముందు నిలబడే చదివాను.

ఏడో విషయం దగ్గర ఆవిడ వేలు ఆగింది.

“ఇక్కడ ఎవరూ తలుపులు వేసుకోరు. ఏ ఇంటికైనా నిస్సంకోచంగా వెళ్ళండి. కాదనడం వీళ్ళకి తెలియదు. డబ్బు ఇవ్వబోకండి, నొచ్చుకుంటారు. వాళ్ళ భాషలో ‘రా’ అంటే రమ్మని. ఆ ఒక్క మాట నేర్చుకుంటే చాలు. రేవు నుంచి నలభై మెట్లెక్కితే నీలం గేటు ఇల్లు వస్తుంది. అక్కడ ఉండే ముసలి ఇంజన్ మెకానిక్‌ని తప్పకుండా కలవండి. ఆయన నవ్వు చూడకుండా, ఆయన కబుర్లు వినకుండా ఈ దేశం చూశామనుకోకండి.”

కింద ఫొటో. మా మావయ్య తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చాడు ఆ రాసినతను. కిందటి వానాకాలంలో లాంచీలు ఆగిపోయి, తడిసి ముద్దై మా అరుగు మీద నిలబడ్డాడు. మావయ్యే లోపలికి లాక్కొచ్చారు. నాలుగు రోజులున్నాడు. అత్తయ్య చేతి వంట తిన్నాడు, మా ఆయన చొక్కాలు తొడుక్కున్నాడు, వాన వెలిశాక వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉండేవాడు. ఇంటికి ఉత్తరం రాసుకుంటున్నాడేమో అనుకున్నాం.

అతను వెళ్ళిన రెండు నెలలకి మావయ్యకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పడిపోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది. కొందరికి అలా ఒక మాట మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడు. జీవితమంతా ఎక్కువసార్లు అన్న మాటేమో, మావయ్యకి “రా” మిగిలింది. దాహమేస్తే రా. నొప్పిపుడితే రా. కిటికీ తీయమన్నా రా, వెయ్యమన్నా రా. వద్దు అనడానికి కూడా రా. గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో చూసి అత్తయ్య ఇట్టే పట్టేసేది. నాకు సగం అర్థమయ్యేది. మా ఆయనకి ఒక్కటీ కాదు.

ఇదంతా నేను చెప్పేలోపే తెల్లటోపీ ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న మావయ్యని చూసేసింది. మావయ్య కూడా ఆవిడని చూశారు.

“రా” అన్నారు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. అత్తయ్య వంటింట్లోంచి తొంగిచూసి, చెయ్యి తుడుచుకుని టీ పెట్టింది.

“అంత దూరం నుంచి మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందే! ఎవరొస్తారే ఇలా?” అంది నాతో, ఆవిడ వెళ్ళాక.

అబద్ధం ఎందుకు? ఆ మొదటిరోజు మావయ్య కళ్ళు కూడా మెరిశాయి.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. లాంచీలో టికెట్లు చూసి, మైకులో రేవుల పేర్లు చెప్పే పని ఆయనది. వ్యాసం మొత్తం చదివి, “లాంచీలు టైముకి రావట! కెరటాలు వాడి మాట వింటాయా?” అని అదొక్కటే పట్టుకుని విసుక్కున్నాడు. తర్వాత ఏడో విషయం మళ్ళీ చదివాడు. తండ్రి ఫొటో పెద్దది చేసి చూశాడు.

“నాన్న ఎలా నవ్వుతున్నాడో చూడు” అన్నాడు. “ఎంతమంది చూసుంటారంటావ్? మన ఇల్లు దేశదేశాలకీ తెలిసిపోయిందే.”

“తెలిస్తే ఏం? వాళ్ళొచ్చి నా చొక్కాలకి గుండీలు కుడతారా?”

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వులాటే.

పదిరోజులు తిరక్కుండానే నవ్వు ఎగిరిపోయింది. లాంచీ వచ్చిన ప్రతిసారీ నలభై మెట్లెక్కి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. ఒక్కోసారి ఆరుగురు. అందరి చేతుల్లోనూ ఫోన్లే, అందరి నోటా ఆ ఒక్క మాటే. గేటు దగ్గర ఆగినవాళ్ళు లేరు. ఆగొద్దనే కదా రాసి ఉంది. సరాసరి లోపలికొచ్చి, ఏదో గుళ్ళోకో మ్యూజియంలోకో వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. గొంతు తగ్గించేవాళ్ళని చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. మేము వింటున్నామని వాళ్ళకి తెలుసన్నమాట.

ఒకతను వంటింట్లోకి నడిచి వెళ్ళి, కుండ మీద మూత తీసి లోపలికి చూసి, ఫొటో తీసి, మళ్ళీ జాగ్రత్తగా మూత పెట్టాడు. ఒకావిడ మా మంచం మీద నడుం వాల్చి, “ఎంత చల్లగా ఉందో!” అంది. ఇద్దరు కుర్రవాళ్ళయితే నా దగ్గరికొచ్చి, “మీ మిషను ఒక్క అయిదు నిమిషాలు ఆపుతారా? ఇక్కడి నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి” అన్నారు. ఆపాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ తెలీదు. ఆ అయిదు నిమిషాలూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా ఇంట్లో నేనే ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అది నీళ్ళకి కటకటలాడే కాలం. కుళాయి రోజు విడిచి రోజు, గంటసేపే వచ్చేది. వచ్చినవాళ్ళందరికీ దాహమే. నలభై మెట్లెక్కారు మరి. అత్తయ్య గ్లాసు మీద గ్లాసు ముంచి ఇచ్చేది. మధ్యాహ్నానికి బిందె అడుగు కనిపించేది.

“అత్తయ్యా, తలుపు దగ్గరికేస్తాను” అన్నాను ఒకరోజు.

“గుమ్మంలోకొచ్చినవాళ్ళ మొహాన తలుపేస్తామా?”

“గుమ్మంలో ఎక్కడున్నారు? వంటింట్లో ఉన్నారు.”

“నాలుగు రోజులు పోతే వాళ్ళే మానేస్తార్లే.”

“మానెయ్యరు. మీరు నీళ్ళిస్తూ ఉంటే, మావయ్య రా రా అంటూ ఉంటే ఎవరు మానేస్తారు?”

అత్తయ్య గ్లాసు కింద పెట్టి నావంక చూసింది. “ఆయన ఈ ఇంటికి వచ్చిన మనిషిని ఏనాడైనా పొమ్మన్నాడా? ఇప్పుడు నోరు పోయిందని ఆయన తలుపు మనం వేసేస్తామా? నేనుండగా వద్దే తల్లీ.”

నేను వెళ్ళి మళ్ళీ మిషను ముందు కూర్చున్నాను.

అసలు బాధ నీళ్ళతో కాదు, మావయ్యతో. వచ్చినవాళ్ళు ఆయన ఎదురుగా కూర్చుని కబుర్ల కోసం ఎదురుచూసేవారు. ఆయన “రా” అనేవారు. వాళ్ళు తలలూపేవారు. మళ్ళీ “రా”. కాసేపటికి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవారు. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, “కథలు చెప్తారని రాశారే?” అన్నాడు, చిరుగున్న గుడ్డ అమ్మిన కొట్టువాణ్ణి నిలదీసినట్టు. జబ్బు చేసిందని చెప్పాను. “అయ్యో” అన్నాడు. అని, ఫోను తీసి ఆ వంకరపోయిన నోటిని కూడా ఫొటో తీసుకున్నాడు.

మొదట్లో మావయ్య ఎడమచెయ్యి ఎత్తి పలకరించేవారు. పోనుపోను ఆ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయేది. మెట్ల మీద చప్పుడైతే చాలు, కిటికీ వైపు మొహం తిప్పేసుకునేవారు. అయినా అలవాటు చావక, మనిషి ఎదురుగా నిలబడితే ఆ మాట వచ్చేసేది.

మా ఆయనతో పోట్లాడాను. “మైకు మీ చేతిలోనే ఉంటుందిగా. మా నాన్నకి ఒంట్లో బాగోలేదు, రావద్దు అని లాంచీలో ఒక్క ముక్క చెప్పలేరా?”

“వచ్చే జనాన్ని రావద్దనడానికా వాళ్ళు నాకు జీతమిస్తున్నది? కెప్టెన్ ఊరుకుంటాడా?”

“అయితే సెలవు పెట్టి ఒక్కరోజు ఇంట్లో కూర్చోండి. చూద్దురుగాని.”

“చూసేదేముంది? పాపం వాళ్ళేం దొంగతనానికి వస్తున్నారా?”

అదే కదా చిక్కు. దొంగలైతే కేకలెయ్యొచ్చు. వీళ్ళు నవ్వుతారు. చేతిలో పూలో, మిఠాయిలో పట్టుకొస్తారు. వీధిలో పిల్లల తలలు నిమురుతారు. మంచివాళ్ళ మీద కోపం ఎక్కడ దించుకోవాలి? నేను ఆ వ్యాసం కిందే రాశాను: “ఆ పెద్దాయనకి పక్షవాతం. దయచేసి రావద్దు. ఇట్లు, ఆయన కోడలు.” నా మాట కింద ఎవరో ఎర్ర గుండెబొమ్మ పెట్టి, “ఎంత ముచ్చటైన కుటుంబం!” అని రాశారు.

ఎండలు ముదిరాయి. అది కుళాయి వచ్చిన రోజు. నీళ్ళు ఉన్న రోజునే మావయ్యకి తలంటి స్నానం. పెరట్లో గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. అత్తయ్య ముందు నిలబడి ఒళ్ళు రుద్దేది, నేను వెనకనుంచి నీళ్ళు పోసేదాన్ని. కోడలి ముందు ఒంటిమీద బట్ట లేకుండా కూర్చోవడం ఆయనకి చచ్చేంత సిగ్గు. అత్తయ్య నడుం పట్టేసి ఒక్కతే చేయలేకపోయాకే ఒప్పుకున్నారు. స్నానమయ్యేదాకా కళ్ళు గట్టిగా మూసుకునే ఉండేవారు. నేనూ ఆయన వీపు దాటి చూపు తిప్పేదాన్ని కాదు. మేమిద్దరం ఏనాడూ అనుకోని ఒప్పందం అది.

ఆరోజు ముందుగది తలుపు చేరేసే పెట్టాను. అత్తయ్యకి చెప్పకుండానే.

తల మీద సబ్బు నురగ ఉండగా మావయ్య ఎందుకో కళ్ళు తెరిచారు. ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపి, “రా! రా! రా!” అని అరిచారు.

అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు. అత్తయ్యకి అర్థమైంది. నాకూ అర్థమైంది. పొండి, బయటికి పొండి అని దాని అర్థం. మేం తిరిగి చూసేసరికి వంటింటి గుమ్మంలో ఒక జంట. అతని చేతిలో కెమెరా.

“పిలుస్తున్నారు” అన్నాడతను ఆమెతో సంతోషంగా. “మనల్నే.”

పెరట్లోకి అడుగుపెట్టారు. “రా!” అని మావయ్య గొంతు చీలిపోయేలా అరుస్తున్నారు. కెమెరా టిక్కుమంది.

తువ్వాలు దండెం మీద, అందనంత దూరంలో ఉంది. అత్తయ్య రెండు చేతులూ చాచి ఆయనకి అడ్డంగా నిలబడింది. ఆ బక్క ఒంటితో ఎంత దాచగలదు? నా చేతిలో చెంబు విసిరాను. అది గోడకి తగిలి సొట్టపోయింది. నేనేం అరిచానో, ఏ భాషలో అరిచానో గుర్తులేదు. ఇద్దరినీ భుజాలు పట్టుకుని వంటింట్లోంచి, ముందుగదిలోంచి, గేటు దాకా నెట్టుకుంటూ వెళ్ళాను.

“ఆయన పిలిచారు కదండీ!” అంటున్నాడతను, మాట పడ్డవాడిలా మొహం పెట్టి.

ఆమె కెమెరా లాక్కుని, “తీసేస్తున్నాను, చూడండి, తీసేశాను” అని ఏడుపుగొంతుతో ఏదో నొక్కి నాకు చూపించింది. నేను చూడలేదు.

పెరట్లోకి తిరిగి వచ్చేసరికి అత్తయ్య మిగిలిన స్నానం కానిస్తోంది. మావయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. మూసుకోవాల్సిన అవసరం ఇక లేనట్టు తెరిచే ఉన్నాయి. నేను నీళ్ళు పోశాను. తుడిచి, బట్టలు తొడిగి, మంచం మీద పడుకోబెట్టాం.

“దాహమేస్తోందా?” అంది అత్తయ్య.

ఆయన ఏమీ అనలేదు.

“కిటికీ తియ్యనా?”

ఏమీ అనలేదు.

అలిగారనుకున్నాం. మర్నాడు పలుకుతారనుకున్నాం. మూడోరోజు డాక్టరొచ్చి కళ్ళలోకి లైటు వేసి చూశాడు, కాళ్ళు చేతులూ నొక్కి చూశాడు. గుమ్మం దగ్గర నాతో అన్నాడు: “జబ్బేమీ పెరగలేదమ్మా. ఉన్న మాట ఎక్కడికీ పోలేదు. ఆయనే పలకడం లేదు.”

మా ఆయనకి స్నానం రోజు రాత్రే జరిగింది చెప్పాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళలేదు. బజారుకెళ్ళి ఇనప గడియ ఒకటి కొనుక్కొచ్చి, ముందు తలుపుకి లోపలివైపు పెట్టి గీత గీసుకున్నాడు.

“అమ్మా, తలుపు కదలకుండా పట్టుకో.”

అత్తయ్య వచ్చి పట్టుకుంది. మేకులు దిగుతున్నంతసేపూ పట్టుకునే ఉంది. “ఇంకాస్త పైకి బిగించరా, నాకు అందేట్టు” అంది. అంతే.

గడియ పెట్టినంత మాత్రాన వచ్చేవాళ్ళు ఆగుతారా? తట్టేవారు. నెట్టి చూసేవారు. కిటికీలోంచి తొంగిచూసేవారు, కిటికీ కూడా వేసేశాం. అప్పుడు బయట నిలబడి పిలిచేవారు. “రా! రా!” అని. ఇద్దరు ముగ్గురు కలిసి, ముద్దుముద్దుగా. లోపల ఉక్కపోతలో, చీకట్లో, మావయ్య గోడవైపు తిరిగి పడుకుని ఆ పిలుపులు వినేవారు. నేను మిషను తొక్కేదాన్ని. గుడ్డ లేకపోయినా తొక్కేదాన్ని, ఆ చప్పుడులో వాళ్ళ గొంతు కలిసిపోవాలని.

సీజను చివరికొస్తుండగా ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడుతో పాటు మా భాషలో మాట వినిపించింది, వచ్చీరాని మాట. “అమ్మా, నేను. వానలో వచ్చిన నేను.”

తలుపు సగం తీసి గుమ్మంలో నిలబడ్డాను. అతనే. నల్లబడ్డాడు, కొంచెం ఒళ్ళు చేశాడు. చేతిలో ఏదో అట్టపెట్టె. మొహం వెలిగిపోతోంది.

“మీ ఇంటి గురించి రాశాను, చూశారా? ఎన్ని లక్షలమంది చదివారో తెలుసా? నేను రాసినవాటిలో అంత బాగా వెళ్ళింది ఇంకొకటి లేదు. అంతా మీ వల్లే. పెద్దాయన ఎలా ఉన్నారు?”

చెప్పాను. పక్షవాతం దగ్గర మొదలుపెట్టి గడియ దాకా, వాళ్ళ భాషలోనే, ఒక్క మాట కూడా నమలకుండా చెప్పాను. కుండ మూత, మా మంచం, నిశ్శబ్దం రికార్డు, స్నానం, అన్నీ. అతని మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. బాధపడ్డాడు, నిజంగానే పడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

“ఇది చాలా ముఖ్యమైన సంగతి. అందరికీ తెలియాలి. రాసుకోవచ్చా?”

“అడుగుతున్నావా? ఇప్పుడా అడుగుతున్నావు?”

అత్తయ్య నా వెనక వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. అతన్ని తేరిపార చూసి, నెమ్మదిగా అంది: “అప్పుడు ఒక్క మాట అడగాల్సింది నాయనా. అడిగితే ఆయన, ఓ, రాసుకో అనేవాడే.”

“ఏమంటున్నారు?” అన్నాడతను.

కారం కలిపి చెప్పాలనిపించింది. కానీ ఆవిడ ఎంత అందో అంతే చెప్పాను. దానికన్నా కారం నా దగ్గర లేదు. అతను తల దించుకున్నాడు.

“తీసెయ్యి. నా ముందే తీసెయ్యి” అన్నాను.

ఫోను తీశాడు. బొటనవేలితో అటూ ఇటూ జరిపాడు. ఒకచోట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. “అయిపోయింది” అన్నాడు. ఏడో విషయం లేదు, ఫొటో లేదు. ఎనిమిదోది పైకి జరిగి ఏడోది అయిపోయింది. చొక్కాకి ఒక గుండీ పెట్టుకునేపాటి సేపు కూడా పట్టలేదు. నాలుగు నెలలు! ఇంతేనా పని? ఇంతేనా? అని అతని కాలరు పట్టుకుని అడగాలనిపించింది. చేతులు తలుపునే గట్టిగా పట్టుకున్నాయి.

“ఒక్కసారి ఆయన్ని చూసి వెళ్ళనా?”

అత్తయ్య లోపలికి వెళ్ళి వచ్చింది. “వద్దన్నారు.”

అతనికి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను అరుగు మీదే నిలబడి తాగి, గ్లాసు అక్కడే పెట్టి, అట్టపెట్టె పక్కన పెట్టి, మెట్లు దిగిపోయాడు. అత్తయ్య గ్లాసు తీసుకుని, పెట్టె ముట్టుకోకుండా, గడియ వేసింది.

“నిజంగా వద్దన్నారా?” అన్నాను.

“అంటేనే తెలుస్తుందా నాకు?”

వారంరోజులు ఇల్లు ఇల్లులా ఉంది. కిటికీ తెరిచాం. ఎనిమిదోరోజు మధ్యాహ్నం, డ్యూటీ మధ్యలో, మా ఆయన మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. “లాంచీలో జనం వలల పిన్నిని అడుగుతున్నారే” అని ఫోను చేతికిచ్చాడు.

వలల పిన్ని మాకు చుట్టం కాదు, మెట్ల వీధి అంతటికీ పిన్నే. మా ఇంటికి ఇంకో ఇరవై మెట్ల పైన ఒంటిగా ఉంటూ, చిరిగిన వలలు బాగుచేస్తుంది.

పద్నాలుగు విషయాలు మళ్ళీ పదిహేను అయ్యాయి. “కొన్ని ఇళ్ళ తలుపులు ఇప్పుడు మూసుకుపోయాయి. రద్దీ పెరిగితే ఇంతే, విచారకరం. కానీ నిరాశపడకండి. నీలం గేటు దాటి ఇంకో ఇరవై మెట్లెక్కండి. వలలు బాగుచేసే పెద్దావిడ తలుపు ఇంకా తీసే ఉంది.”

విచారకరమట. ఆ ఇరవై మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. పిన్ని గుమ్మంలో నలుగురున్నారు. ఒకడు వల మీద తడిబట్ట ఆరేసుకున్నాడు. పిన్ని పళ్ళులేని నోటితో నవ్వుతూ కుండ వంచి నీళ్ళు పోస్తోంది.

“పిన్నీ, వీళ్ళని లోపలికి రానివ్వకు.”

“ఏం చేశారే పాపం? మంచి పిల్లలు!”

“మంచివాళ్ళే. లోపలికి మాత్రం రానివ్వకు.” వాళ్ళవైపు తిరిగి, వాళ్ళ భాషలో, “లేవండి. ఇది ఇల్లు” అన్నాను.

వాళ్ళలో ఒక పిల్ల బిత్తరపోయి లేచింది. “మేం ఏమైనా తప్పు చేశామా? మాకు తెలీదు. తలుపు తీసి ఉందని...”

అరుద్దామనుకున్నాను. ఆ పిల్ల మొహం చూసి గొంతు దిగింది. “తలుపు తీసి ఉందంటే లోపల మనుషులున్నారని అర్థం. అంతే. మీరు తెలుసుకోవాల్సింది అదొక్కటే.”

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి బయటికి నడిచింది. తక్కినవాళ్ళు గొణుక్కుంటూ దాని వెనకే నడిచారు. పిన్ని మొహం ఎర్రబడింది.

“నా గుమ్మంలోంచి పంపెయ్యడానికి నువ్వెవరివే? నీ ఇంటికి రావడం మానేశారని నీకు కుళ్ళు. నాతో మాట్లాడటానికి నాకెవరున్నారు? నువ్వొచ్చి కూర్చుంటావా రోజూ?”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. దిగి వచ్చేశాను.

మర్నాడు మా ఆయన లాంచీలో మైకు తీసుకుని, రేవు పేరు చెప్పిన గొంతుతోనే, “మెట్ల మీద ఉన్నవి ఇళ్ళు, చూసే చోట్లు కావు. వాటిల్లోకి వెళ్ళొద్దు” అన్నాడట. కెప్టెన్ తిట్టాడు. ఒక వారం టికెట్లు లాక్కుని తాళ్ళు కట్టే పనిలో వేశారు. ఆ వారమంతా అరచేతులు బొబ్బలెక్కి వచ్చేవాడు. నేను నూనె రాస్తుంటే, “పొద్దున్న కూడా చెప్పా, మైకు లేకుండానే” అనేవాడు.

మావయ్య ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు బతికారు. ఆయన నోట ఆ ఒక్క మాట మాత్రం మళ్ళీ వినలేదు మేము.

తన గుమ్మంలో గొడవైన నాటి నుంచి పిన్ని నాతో పలకడం మానేసింది. ఆ ఏడు మొదటి వాన ఇంకా పడలేదు, మబ్బులు మాత్రం పట్టాయి. ఒక మధ్యాహ్నం మా అరుగు మీదకొచ్చి కూర్చుంది. నావైపు చూడలేదు.

“నిన్న నేను కునుకు తీస్తున్నానే” అంది. “మెలకువొచ్చి చూస్తే మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో.”

“ముందే చెప్పలేదా?” అని నేను అనలేదు. అత్తయ్య కూడా వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది. ముగ్గురం సముద్రం వైపు చూస్తున్నాం. లాంచీ వచ్చినట్టుంది. కింద మెట్ల మీద అడుగుల చప్పుడు, నవ్వులు, ఎవరో ఎవరినో “ఇదే, ఇదే దారి” అనడం వినిపించాయి.

ముగ్గురం లేచి నిలబడ్డాం.